మా యింటికి వచ్చిన మూలకము

“అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు” అని ఉప్పు పలికినట్లు మన పెద్దలు చెప్పుదురు. వంటయింటిలో ఉప్పునకు గల అధికారము అట్టిది. దీపములు పెట్టిన పిమ్మట పొరుగింటికి ఉప్పు ఈయరాదనియు, చేతినుండి చేతికి ఉప్పు అందీయరాదనియు మనము చిన్ననాటినుండి వినుచున్నవారమే. ఇంత మర్యాద పొందుచున్న ఉప్పులో ఏమేమి కలదో తరచి చూచిన గృహిణులు మాత్రము మనలో కొలదిమందియే. కంటికి కనబడనంత స్వల్పముగ మన ఉప్పు పొట్లములో మఱియొక పదార్థము కలిసియున్నది. దాని పేరు అయోడిన్. దానిని గూర్చి నాకు తెలిసినదంతయు ఈ వయస్సున, తొమ్మిదవ తరగతి చదువుచున్న నా దౌహిత్రి మూలమున తెలిసినదే. ఆ తెలివి మా యింటిలో ఒక పాత గాయమునకు మందైనది. కావున మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అమ్మాయియు అల్లుడును ఉద్యోగరీత్యా పరరాష్ట్రమున నుండుటచే మనుమరాలు కాకినాడలో నాయొద్దనే ఉండి చదువుకొనుచున్నది. గత సంవత్సరము వారి విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయిని పిల్లలకొక పని పెట్టెను. మూలకముల పేర్లు చీటీలమీద వ్రాసి, ఒక్కొక్కరిచే ఒక్కొక్క చీటీ తీయించి, ఎవరికి వచ్చిన మూలకమును గూర్చి వారు పదునైదు దినములు శోధించి తరగతిలో పది నిమిషములు మాటలాడవలెనని నిర్ణయించెను. “పుస్తకములోని వాక్యములు అప్పగించుట కాదు. ఆ మూలకము మీ యింటిలో ఎక్కడ నున్నదో వెదకి రండు” అని కూడ ఆమె చెప్పినదట. ఆ మాట నాకు మిక్కిలి నచ్చినది.

పిల్ల మాత్రము ముఖము చిన్నబుచ్చుకొని ఇంటికి వచ్చెను. “నా ప్రక్క పిల్లకు బంగారము వచ్చినది. వెనుక పిల్లకు పాదరసము వచ్చినది. నాకు మాత్రము పుండుమీద పూయు మందు వచ్చినది, అమ్మమ్మా!” అని చీటీ నా ముందు పడవైచెను.

“ఆడపిల్లకు బంగారము చేజాఱుట లోకములో క్రొత్త సంగతి కాదు తల్లీ! చేతికి వచ్చినదానిని గూర్చి చదువుము. చదివినకొలది దాని విలువ అదియే తెలియును” అంటిని.

నాటినుండి ప్రతి సాయంకాలమును దీపము పెట్టిన పిదప మేమిద్దఱమును కూర్చుండి, అది గ్రంథాలయమునుండి తెచ్చిన పుస్తకములను, కంప్యూటరులో చూచి వ్రాసికొన్న సంగతులను చదువుకొనుచుంటిమి. మా అక్కయ్య ప్రక్క గదిలో మంచముమీద కూర్చుండి ఒత్తులు చేసికొనుచు వినుచుండెను. ఆమె మాయొద్దకు వచ్చి ఆఱు సంవత్సరములైనది.

మొదట అయోడిన్ పుట్టుక తెలిసికొంటిమి. 1811లో పారిస్ నగరమున బెర్నార్ కూర్త్వా అను నతడు సురేకారము తయారు చేయుచుండెను. అవి నెపోలియన్ చక్రవర్తి యుద్ధములు చేయుచున్న దినములు. యుద్ధమునకు తుపాకిమందు కావలెను. తుపాకిమందునకు సురేకారము కావలెను. అందులకు వలయు క్షారములకై సముద్రతీరమున దొరకు పాచిని కాల్చి, ఆ బూడిదను నీట కరగించుచుండిరి. ఒకనాడు కూర్త్వా ఆ బూడిద నీటిలో గంధకికామ్లము కొంత ఎక్కువగా పోయగా పాత్రనుండి చక్కని ఊదారంగు పొగ లేచెను. ఆ పొగ చల్లని పాత్రను తాకి, ఆవిరివలె నీరుగా మారక, నల్లగా నిగనిగలాడు పలుకులుగా పేరుకొనెను. ఇది ఇంతవఱకు ఎవరికిని తెలియని పదార్థమని అతనికి తోచినది గాని, తన వ్యాపారము విడిచి పరిశోధనలు సాగించుటకు అతనియొద్ద ధనము లేకపోయెను. కావున ఆ పలుకులను కొందఱు మిత్రులకిచ్చెను. 1813లో ఆ సంగతి లోకమునకు వెల్లడియైనది. ఫ్రాన్సు దేశపు గేలూసాక్కు, ఇంగ్లండు దేశపు హంఫ్రీ డేవీయు వేర్వేరుగా పరీక్షించి ఇది క్రొత్త మూలకమని స్థాపించిరి. రెండు దేశములకును ఘోరయుద్ధము జరుగుచుండగా డేవీ నెపోలియన్ అనుమతితో పారిస్ వచ్చి యుండెను. ఊదారంగునకు గ్రీకు భాషలో గల పేరునుబట్టి దీనికి అయోడిన్ అని నామకరణము చేసిరి. కూర్త్వాకు 1831లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆఱువేల ఫ్రాంకుల బహుమానమిచ్చెను. అయినను అతడు 1838లో బీదవాడుగనే కన్నుమూసెను.

“ఇంత కనిపెట్టినవానికి ఏమియు మిగులలేదా?” అని పిల్ల విచారించెను. ప్రక్క గదినుండి అక్కయ్య, “కనిపెట్టినవారికి మిగులునది తక్కువయే నాయనా. దానివలన బాగుపడినవారు వాని పేరైన ఎఱుగరు” అనెను. పిల్ల ఆ మాటను తన పుస్తకములో వ్రాసికొనెను.

పిమ్మట మూలకముల పట్టిక వచ్చినది. 1869లో రష్యా దేశీయుడగు మెండెలీవ్ మూలకములను వాని బరువుల క్రమమున వరుస పెట్టి, గుణములు కలిసినవానిని ఒకే వరుసలోనికి తెచ్చెను. కాని అయోడిన్ దగ్గఱ ఒక చిక్కు వచ్చెను. టెల్లూరియము అను మూలకము అయోడిన్ కంటె కొంచెము బరువు. బరువునుబట్టి చూచినచో అయోడిన్ ముందును, టెల్లూరియము వెనుకను కూర్చుండవలెను. అట్లు కూర్చుండబెట్టినచో రెండును తమ తమ బంధువులకు దూరమగును. మెండెలీవ్ గుణములనే నమ్మి, టెల్లూరియమును ముందు, అయోడిన్‌ను వెనుక నుంచెను. టెల్లూరియము బరువును తూచుటలో పొరపాటున్నదని అతడు తలచెను గాని, అట్టి పొరపాటేదియు లేదు. అసలు కారణము 1913లో మోస్లీ అను యువశాస్త్రజ్ఞుని పరిశోధనలవలన తెలిసినది. మూలకముల వరుసను నిర్ణయించునది బరువు కాదు, పరమాణువు నడుమ నుండు ధనవిద్యుత్కణముల సంఖ్య. టెల్లూరియమునకవి 52, అయోడిన్‌నకు 53.

పిల్లకు ఈ సంగతి ఎట్లు చెప్పిన తరగతికి బోధపడునో తెలియలేదు. నేనంటిని: “మన యింట పెండ్లిలో పీటలు వేయునపుడు వయస్సు చూతుమా, వరుస చూతుమా? మీ అమ్మ పినతల్లి ఒకతె మీ అమ్మకంటె రెండేండ్లు చిన్నది. అయినను ఆమె కాళ్ళకు మీ అమ్మ నమస్కరించును గదా! అయోడిన్ అట్టిదే. తూకమున చిన్నదైనను వరుసకు పెద్దది.” పిల్ల చప్పట్లు చఱచి నవ్వెను. ఆ దినమున అది బంగారమును మఱచినది.

తరువాత వంటయింటిలో పరీక్షలు మొదలైనవి. అయోడిన్ పిండిపదార్థమును తాకినచో నీలముగ మారునని 1814లోనే కనుగొనిరి. గాయములకు పూయు గోధుమవర్ణపు అయోడిన్ మందు మా యింట నుండెను. గంజిని నీటిలో పలుచన చేసి ఆ మందు ఒక చుక్క వేయగా గంజి కాటుకవలె నీలినలుపైనది. బంగాళాదుంప ముక్కమీద వేసిన నల్లబడెను. దోసకాయ ముక్కమీద వేసిన గోధుమరంగుగనే యుండెను. నీలపు గంజిని వేడి చేయగా రంగు పోయెను. చల్లారగా కొంత మరలివచ్చెను. అందులో నిమ్మరసము పిండగా రంగు పూర్తిగ మాయమైనది. నిమ్మరసమునందలి సి విటమిను అయోడిన్‌ను రంగులేని మఱియొక రూపమునకు మార్చునట. మందు చుక్కలతో ఆడుకొన్న గిన్నెలను వంటపాత్రలతో కలుపక వేఱుగ నుంచి తోమించితిని. అయోడిన్ మందు పైపూతకే గాని లోనికి పుచ్చుకొనదగినది కాదని పిల్లలకు మొదటనే చెప్పవలెను.

ఇంతవఱకు ఆటగ సాగినది. పదునొకండవ దినమున పుస్తకములో గళగండమును గూర్చిన పుట వచ్చినది.

మన కంఠమునందు, గుటక మ్రింగునపుడు కదలు ఎముకకు దిగువగా, సీతాకోకచిలుక ఆకారముగల చిన్న గ్రంథి యొకటి కలదు. దానిని థైరాయిడ్ గ్రంథి యందురు. శరీరమునందలి వేడిమికి, ఎదుగుదలకు, బుద్ధివికాసమునకు వలయు రసమును అది తయారుచేయును. ఆ రసమునకు అయోడిన్ ముడిసరకు. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు, గర్భవతులకును బాలింతలకును 250 మైక్రోగ్రాములు కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. డెబ్బది యేండ్లు బ్రతికినవారికి జీవితమంతటికిని కలిపి నాలుగు గ్రాములైనను అక్కఱలేదు. కాని ఆ పిసరంత దొరకనినాడు, నీరు తగ్గిన నూతిని మఱింత వెడల్పుగ త్రవ్వినట్లు, ఆ గ్రంథి రక్తములోనున్న కొంచెపు అయోడిన్‌నే పట్టుకొనుటకై పెరిగి పెరిగి మెడవాపుగ మారును. అదియే గళగండము.

పిల్ల ఆ పుటలోని బొమ్మను చూచి మాటాడక నావైపు చూచెను. నేను ప్రక్క గదివైపు చూచితిని.

మా అక్కయ్య మెడవాపు సంగతి మా చుట్టములందఱికిని తెలియును. ఎవరును ఆమె ఎదుట మాటాడరు. ఆమె ఎండకాలమందును పైట కొంగును మెడచుట్టు త్రిప్పుకొని యుండును. 1966లో పదునేడవ యేట వివాహమై, రైలుశాఖలో పనిచేయుచున్న మా బావగారివెంట గోరఖ్‌పూరు వెళ్ళెను. అది హిమాలయములకు దక్షిణమున, వరదలు పాఱు పల్లపు సీమ. వెళ్ళిన కొన్ని యేండ్లకు మెడ బరువెక్కినది. ఆ ప్రాంతములో అనేక స్త్రీలకట్లే యుండెననియు, అక్కడివారు దానిని వింతగ చూడకుండిరనియు, మన దేశమునకు సెలవులకు వచ్చినపుడే అందఱును గ్రుచ్చి చూచుచుండిరనియు ఆమె నాతో ఒకసారి చెప్పినది.

మెడకంటె పెద్ద దుఃఖము మఱియొకటి కలదు. ఆమెకు రెండవ కాన్పున కలిగిన కుమారుడు చెవిటివాడై, మాటరానివాడై, నాలుగేండ్లకు గాని నిలువలేక, తొమ్మిదవ యేట కన్నుమూసెను. కడుపుతో నుండగా గ్రహణమునాడు కత్తిపీట ముట్టినదని అత్తవారు అనిరి. పూర్వజన్మ పాపమని మఱికొందఱనిరి. ఆమె బదులు చెప్పలేదు. నలువది యేండ్లకు పైగా ప్రతి గ్రహణమునకును ఆమె తలుపు మూసికొని, పట్టు విడుచువఱకు ముద్ద ముట్టక, ఒక్కతెయే కూర్చుండును. అది భక్తి యని పిల్లలు తలచుచుందురు. నాకు మాత్రము అది ప్రాయశ్చిత్తమని తెలియును.

పిల్ల తరువాతి పేరా చదువ నారంభించెను. గర్భవతికి అయోడిన్ మిక్కిలి కొఱవడినచో కడుపులోని శిశువునకు వినికిడియు, మాటయు, బుద్ధియు, నడకయు చెడవచ్చుననియు, హిమాలయపు ప్రక్కసీమలలో అట్టి బిడ్డలు అనేకులు పుట్టిరనియు ఆ పేరాలో నుండెను. నేను చేసైగతో ఆపుమంటిని. కాని అప్పటికే అక్కయ్య గుమ్మములో నిలిచియుండెను.

“మఱల చదువు తల్లీ. నెమ్మదిగ చదువు.”

పిల్ల నావైపు చూచి, మఱల చదివెను. వానలును, వరదలును, పూర్వకాలపు మంచుగడ్డలును నేలలోని అయోడిన్‌ను కడిగివైచుటచే, ఆ నేలలో పండిన ధాన్యములోను కూరలలోను అది లేదనియు, ఆ పంటనే తిన్నవారికి ఆ కొఱత తప్పదనియు చదివెను. అక్కయ్య గుమ్మము పట్టుకొని చాలసేపు నిలిచి, చివరకు ఒక్క మాట అడిగెను. “ఇందులో గ్రహణము సంగతి ఎక్కడనైన వ్రాసియున్నదా?”

“లేదు పెద్దమ్మమ్మా. గ్రహణము లేదు. కత్తిపీట లేదు. నేల, నీరు, తిండి, అంతే.”

అక్కయ్య ఏమియు అనక వెళ్ళి మంచముమీద కూర్చుండెను. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. నేనును నిద్రపోలేదు.

పుస్తకము చదివి మనమే తీర్పు చెప్పికొనుట తగదని మఱునాడు ఆమెను ఈ గ్రంథుల వైద్యములో అనుభవముగల ఒక వైద్యురాలియొద్దకు తీసికొనిపోయితిని. ఆమె ఓపికతో అన్నియు విని, మెడ పరీక్షించి ఇట్లు చెప్పెను: “అమ్మా, అన్నేండ్ల క్రిందట పోయిన బిడ్డను గూర్చి పరీక్ష చేయక రూఢిగ చెప్పలేము. కాని మీరు చెప్పిన లక్షణములును, మీరున్న ప్రాంతమును, మీ మెడయు చూడగా అయోడిన్ కొఱతయే కారణమై యుండుటకు ఎక్కువ అవకాశము కలదు. మీరు చేసిన ఏ పనివలనను అట్లు జరుగలేదు. ఇది మాత్రము నిశ్చయముగ చెప్పగలను.” ఇంత కాలము ముదిరిన వాపు ఉప్పువలన కరగదనియు, ప్రమాదము లేదనియు చెప్పి, ఒక మాత్ర వ్రాసియిచ్చెను.

తిరుగు దారిలో ఆటోలో అక్కయ్య నా చేయి పట్టుకొని, “వానికి నేను చేసినది కాదన్నమాట” అనెను. నాకు నోట మాట రాలేదు.

ఇక పిల్లకొక ధర్మసందేహము కలిగెను. “ఆ మూలకము మీ యింటిలో ఎక్కడ నున్నదో వెదకి రండు” అని కదా ఉపాధ్యాయిని చెప్పినది! మా యింటిలో అది ఉప్పు డబ్బాలోను, మందు సీసాలోను మాత్రమే కాక పెద్దమ్మమ్మ కంఠమునందును ఉన్నది. ఆ సంగతి తరగతిలో చెప్పవచ్చునా? మార్కులకొఱకు ఇంటి పెద్దల బాధను పదిమందిలో పెట్టరాదని నా అభిప్రాయము. కాని బాధ నాది కాదు గనుక తీర్పును నాది కాదు. అక్కయ్యనే అడుగుమంటిని. ఆమె కొంచెము యోచించి, “నా మెడ సంగతి చెప్పు. చూచి నవ్వువారు కారణము తెలిసికొన్న తరువాత నవ్వరు. వాని సంగతి మాత్రము మన యింటిలోనే ఉండనీ” అనెను. పిల్ల అట్లే యని మాట యిచ్చి, ఆ మాట తప్పలేదు.

ఆ దినమున తల్లులను కూడ రమ్మనిరి. తల్లికి బదులు నేను వెళ్ళి వెనుక బల్లపై కూర్చుంటిని. పిల్ల మొదట గంజిలో చుక్క వేసి నీలము చేసి, నిమ్మరసముతో ఆ నీలమును మాయము చేసెను. తరువాత కూర్త్వా కథయు, పీటల వరుసయు చెప్పెను. పిమ్మట తన పెద్దమ్మమ్మ మెడను గూర్చి నాలుగే వాక్యములు చెప్పెను. తరగతి నిశ్శబ్దమయ్యెను.

అచ్చటినుండి అది మన తెలుగువారొకరి కథ చెప్పెను. ఉలిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన వైద్యశాస్త్రజ్ఞులు. గళగండము వ్యాపించియున్న హిమాచలప్రాంతపు కాంగడా లోయలో వారును వారి సహచరులును 1956లో ఒక పరీక్ష ఆరంభించిరి. లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి వట్టి ఉప్పును సరఫరా చేసిరి. అయిదాఱేండ్లకు అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగములలో గళగండము సగమునకును, అంతకంటె తక్కువకును దిగెను. వట్టి ఉప్పు తిన్న భాగములో తగ్గలేదు. అటుపిమ్మట ఆ భాగమునకును అయోడిన్ ఉప్పు ఇచ్చిరి. దీని ఫలితముగ 1962లో దేశమున గళగండ నివారణ కార్యక్రమము మొదలైనది. కాని ఆ ఉప్పు అందఱి యిండ్లకు చేరుటకు దశాబ్దములు పట్టెను. మా అక్కయ్య గోరఖ్‌పూరులో కాపురము చేసినది ఆ నడిమి దినములలోనే. అయోడిన్ లేని ఉప్పును మనుష్యుల ఆహారమునకై అమ్మరాదని దేశమంతటికి వర్తించు నిషేధము 2006లో మరల అమలులోనికి వచ్చినది. రామలింగస్వామిగారు 2001లో పరమపదించిరి. ఆయన పేరు ఆ తరగతిలో ఎవరును అంతకుముందు వినలేదు.

చివర ఉపాధ్యాయిని పిల్లలు తమ ఇండ్లనుండి తెచ్చిన ఉప్పు పొట్లములను పరీక్షింపజేసెను. మన ఉప్పులో నుండునది ఊదాపొగల అయోడిన్ కాదు. పొటాషియము అయోడేటు అను దాని లవణము. మన దేశపు ఉక్కలోను తేమలోను నిలుచునది కావున దీనిని ఎన్నుకొనిరి. అందుచే వట్టి గంజి తగిలినంత మాత్రమున ఉప్పు రంగు మారదు. పరీక్షమందులో ఆమ్లమును, మఱియొక అయోడిన్ లవణమును, గంజియు ఉండును. అది పడినపుడు అయోడిన్ విడివడి రంగు చూపును. అధికభాగము పొట్లములు ఊదారంగు పొందెను. కొన్ని తెల్లగనే నిలిచెను. అవి విడిగ కొన్న గళ్ళ ఉప్పును, సైంధవలవణమును, ఈ మధ్య వేడుకగ కొనుచున్న గులాబిరంగు ఉప్పును.

ఒక పిల్ల తల్లి లేచి, “మేము సముద్రపు ఒడ్డున నున్నవారము. సముద్రములో అయోడిన్ కలదు గదా! సముద్రపు ఉప్పులో ఏల ఉండదు?” అని మంచి ప్రశ్న వేసెను. ఉపాధ్యాయిని చెప్పిన సమాధానము నాకు జ్ఞాపకమున్నది. లీటరు సముద్రజలములో దాదాపు 60 మైక్రోగ్రాముల అయోడినే యుండును. ఆ నీటినుండి 35 గ్రాముల లవణము వచ్చును. ఉన్నదంతయు నిలిచినను గ్రామునకు రెండు మైక్రోగ్రాములు రావు. అందులోను చాలభాగము ఉప్పు కట్టిన తరువాత మిగిలిన చేదునీటితో పోవును. మనము కొను ఉప్పులో గ్రామునకు కనీసము 15 మైక్రోగ్రాములైన ఉండవలెనని నియమము. కావున నౌపడా మడులలో పండినను, చినగంజాము మడులలో పండినను, కలుపనిదే ఉప్పులో తగినంత అయోడిన్ రాదు.

ఇంటికి వచ్చినతోడనే అక్కయ్య పిల్లను దగ్గఱకు పిలిచి, “నవ్విరా?” అని అడిగెను.

“ఒక్కరును నవ్వలేదు పెద్దమ్మమ్మా. ఇద్దఱు తమ నాయనమ్మలకు కూడ అట్లే ఉన్నదని చెప్పిరి.”

సోదరీమణులారా! ఇక మన పనిని గూర్చి రెండు మాటలు. ఉప్పు కొనునపుడు పొట్లముమీద అయోడిన్ కలిపినదని సూచించు నవ్వుచున్న సూర్యుని గుర్తును చూడుడు. గళ్ళ ఉప్పే కావలెనన్నచో అయోడిన్ కలిపిన గళ్ళ ఉప్పును దొరకును. ఉప్పును మూతగల డబ్బాలో, పొయ్యివేడికిని తడికిని దూరముగ నుంచుడు. చాలసేపు ఉడుకు వంటలలో ఉప్పును చివర వేయుట మేలు. ఉప్పు ఎక్కువ తినుమని దీనికర్థము కాదు. దినమునకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పాలు, గ్రుడ్లు, సముద్రపు చేపలునుగూడ కొంత అయోడిన్ ఇచ్చును. థైరాయిడ్ వ్యాధులన్నియు అయోడిన్ కొఱతవలన వచ్చునవి కావు. అయోడిన్ మితిమీరినను కీడే. కావున వ్యాధి యున్నవారు వైద్యుల సలహా ననుసరింపవలెను. ఇంట గర్భవతి యున్నయెడల ఏ ఉప్పు వాడుచున్నారో తప్పక విచారింపుడు. బిడ్డ మెదడు ఎదుగు ఆ నెలలు గడచినచో మరల రావు.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. బిడ్డకు ఏ లోపము కలిగినను మొదటి నింద తల్లిమీద పడుట మన యిండ్లలో నేటికిని పోలేదు. ఏమి తిన్నది, ఏమి చూచినది, ఏమి ముట్టినది అని ఆరా తీయుదురు. నేలలో లేని పదార్థమునకు, అంగడికి రాని ఉప్పునకు, ఆమె ఎట్లు బాధ్యురాలగును? మా అక్కయ్యకు ఆ సంగతి చెప్పువారు లేక నలువదియేండ్లు గడచినవి. మీ చుట్టములలోను, ఇరుగుపొరుగులలోను అట్టి నింద మోయుచున్న స్త్రీ యుండవచ్చును. ఆమెయొద్దకు వెళ్ళి తెలిసినంత చెప్పుడు, తెలియనిది వైద్యులను అడిగింపుడు. ఈ యేడాది గ్రహణము వచ్చిన దినమున మా అక్కయ్య తలుపు మూసికొనలేదు. మనుమరాలితో వీథి అరుగుమీద కూర్చుండి, వాని పేరు ఏమిటో, వానికి ఏ బొమ్మ ఇష్టమో, మొదటిసారిగ ఆ పిల్లకు చెప్పెను.